చదవలేదా? చదవలేవా?

ఇక్కడ రాసి చాలా రోజులైంది. ఉగాది పనులు అయిపోయాయి, ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. ఈసారి వంటల గురించి కాదు, సామెతల గురించీ కాదు. బయటివాళ్ళకి డబ్బిచ్చి పని చేయించుకోవడం గురించి రాస్తాను. నేను అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ పని వల్లనే. అందుకే ఈ కథ ఇక్కడ చెప్పొచ్చు అనుకుంటున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నేను భిలాయిలో పెరిగాను. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పని చేసేవారు. బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చాను. చాలా ఏళ్ళు అకౌంట్స్ ఉద్యోగం చేసి, మానేశాక మా గుడిలో వాలంటీరుగా చేరాను.

2018 ఉగాదికి గుడి సావనీరు వేయించే పని నాకు అప్పగించారు. అంతకుముందు ఒక మాస్టారుగారు ఆ పని ఉచితంగా చేసి పెట్టేవారు. ఆయన కొడుకు దగ్గరికి టెక్సాస్ వెళ్ళిపోయారు. "ఎవరైనా ఫ్రీలాన్సర్‌ని పెట్టుకోండి, ఇంటర్నెట్‌లో బోలెడుమంది ఉంటారు" అన్నారు కమిటీవాళ్ళు. నిజమే, బోలెడుమంది ఉన్నారు. ఇందోర్‌లో ఉండే ఒక అబ్బాయిని ఎంచుకున్నాను. 48 పేజీలు, 400 డాలర్లు, సగం ముందు, సగం పని అయ్యాక. అతను పంపిన నమూనాలు చాలా అందంగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషువే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇద్దరం హిందీలో హాయిగా మాట్లాడుకునేవాళ్ళం.

పని మొదలైంది. కమిటీలో ఏడుగురం. ఏడుగురూ అతనికి వాట్సాప్‌లో సలహాలు పంపేవారు. ఒకరు అట్ట మీద గోపురం పెద్దది చెయ్యమంటే, ఇంకొకరు చిన్నది చెయ్యమనేవారు. అట్ట నాలుగుసార్లు మారింది. పాపం, అతను అన్నీ చేశాడు.

చివరి ప్రూఫ్ శుక్రవారం రాత్రి వచ్చింది. సోమవారం ప్రెస్సుకి ఇవ్వాలి. రెండు రోజులు కూర్చుని చూశాను. ఫొటోలు లెక్కపెట్టాను. ప్రకటనల్లో ఫోన్ నంబర్లు సరిచూశాను. విరాళాల అంకెలు రెండుసార్లు కూడాను. ఇంగ్లీషు పేజీల్లో కామాలు కూడా దిద్దాను. తెలుగు పేజీలు ఎనిమిది. వాటిని చూశాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. "ఓకే" అని రాసి పంపించాను.

ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక పుస్తకాలు పంచాం. మా గుడిలో అందరూ పిన్నిగారు అని పిలిచే పెద్దావిడ ఒకరున్నారు. అప్పటికే ఎనభై దాటాయి. చనిపోయిన వాళ్ళమ్మగారి జ్ఞాపకంగా ఆవిడ ఒక పేజీకి డబ్బు కట్టారు. స్వయంగా చేత్తో రాసిచ్చారు. ఒక కుర్రాడు దాన్ని వర్డ్‌లో టైపు చేశాడు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. పుస్తకంలో మాత్రం వత్తులు ఒక్కటీ కిందికి దిగలేదు. అన్నీ పొల్లులతో పక్కపక్కన నిలబడ్డాయి. ‘అమ్మ’ అన్న మాట ‘అమ్‌మ’ అయింది. ఆ పేజీలో ఆ మాట తొమ్మిదిసార్లు ఉంది.

పిన్నిగారు కళ్ళజోడు తీసి నన్ను అడిగారు: "అమ్మాయ్, అచ్చుకి ఇచ్చే ముందు చదవలేదా?"

నాకు "చదవలేవా?" అని వినిపించింది.

నాలాగా నేర్చుకుంటున్నవాళ్ళు ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూడండి. తేడా ఒక్క అక్షరం. మొదటిది బద్ధకం గురించి అడుగుతుంది, రెండోది చేతకానితనం గురించి. ఆవిడ అడిగింది మొదటిది. నిజమైన జవాబు రెండోదానికి ఉంది.

మిగతా 200 డాలర్లు ఇవ్వొద్దని కమిటీ తీర్మానించింది. నేనే అతనికి గట్టిగా ఉత్తరం రాశాను. అతను పెద్దగా వాదించలేదు. "మేడమ్, నాకు తెలుగు రాదని మొదటి రోజే చెప్పాను. మీరు చూసి ఓకే అన్నారు" అని మాత్రం రాశాడు. పాత మెసేజీలు వెతికాను. నిజమే, ఉంది. మొదటి మెసేజీలో మూడో లైను. ఇద్దరికీ చదవడం రాని భాషలో ఇద్దరం కలిసి పుస్తకం వేశాం. అందులో ఒకరు ఆ సంగతి ముందే చెప్పారు. ఇంకొకరు దాచారు.

తర్వాతి మీటింగులో లేచి, నాకు తెలుగు చదవడం రాదని చెప్పాను. అరవై ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషి అందరి ముందు ఆ మాట అనడం సులువు కాదు. అతని డబ్బు ఇచ్చేశారు. ఆ ఎనిమిది పేజీలు మళ్ళీ అచ్చు వేయించడానికి అయిన ఖర్చు నేను పెట్టుకున్నాను. ఇందోర్‌కి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు సరిచేసిన ఫైలు పంపాడు, డబ్బు అడగలేదు. తప్పు ఎక్కడుందో కూడా తనే కనిపెట్టాడు. ఇన్‌డిజైన్‌లో పేరా కంపోజర్ అని ఒక సెట్టింగు ఉంటుంది. ఇంగ్లీషుకి వాడేదాన్ని అలాగే ఉంచితే మన వత్తులు, గుణింతాలు విడిపోతాయి. వరల్డ్‌-రెడీ కంపోజర్‌కి మార్చాలి. అంతే, ఒక్క క్లిక్కు.

పిన్నిగారికి కొత్త పేజీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ "పరవాలేదులే" అనలేదు. పేజీ అంతా చదివి, మడిచి పర్సులో పెట్టుకున్నారు. రెండు వారాల తర్వాత ఇండియా నుంచి తెప్పించిన పెద్దబాలశిక్ష నా చేతిలో పెట్టారు. నా చదువు అక్కడ మొదలైంది.

ఇప్పుడు ఎవరినైనా పనికి పెట్టుకునేటప్పుడు కొన్ని పనులు తప్పకుండా చేస్తాను. మీలో కొందరు మీ సంఘాల్లో, చిన్న వ్యాపారాల్లో ఇలాంటి పనులు చూస్తారు కాబట్టి రాస్తున్నాను.

మొదట, ఒక్క పేజీ చేయించి, దానికి విడిగా డబ్బిస్తాను. ఆ పేజీలో కష్టమైన మాటలు పెడతాను: లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, స్వాతంత్ర్యం. అమ్మ కూడా. ఉచితంగా చేసి చూపించమని అడగను. అది వాళ్ళ తిండి.

రెండోది, అంతా కాగితం మీద పెట్టడం. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు దిద్దుబాట్లు, ఏ తేదీకి ఏమివ్వాలి, అసలు ఫైళ్ళు ఎవరికి చెందుతాయి. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. అమెరికాలో 1989లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. వాషింగ్టన్‌లో ఇల్లు లేనివాళ్ళ కోసం పనిచేసే ఒక సేవాసంస్థ, రీడ్ అనే శిల్పితో బొమ్మ చేయించుకుంది. రాతకోతలు లేవు. బొమ్మ కాపీరైటు ఎవరిదని గొడవ వచ్చింది. శిల్పి సంస్థ ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసినవాడు, కాబట్టి డబ్బిచ్చినంత మాత్రాన కాపీరైటు సంస్థది అయిపోదని కోర్టు చెప్పింది. మా గుడి లాంటి సంస్థే అది. మంచి మనసు ఉంటే కాగితం అక్కర్లేదనుకుంది.

మూడోది, మాట్లాడేది ఒక్కరే. కమిటీ ఏడుగురూ నాకు చెప్తారు, నేను అతనికి చెప్తాను.

నాలుగోది లెక్కలు. అమెరికాలో ఉన్నవాళ్ళయితే డబ్బివ్వకముందే డబ్ల్యూ-9 తీసుకోవాలి. ఇండియాలో కూర్చుని పనిచేసే మనిషయితే డబ్ల్యూ-8బెన్. పని అయిపోయాక అడిగితే ఎవరూ తొందరగా పంపరు. అకౌంట్స్‌లో ఇన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్నది ఇది.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మీకు తెలియని పనికి మీరే "ఓకే" చెప్పకండి. తెలిసినవాళ్ళని వెతకండి, లేదా తెలియదని చెప్పండి.

ఈ ఏడాది పుస్తకం కూడా ఆ ఇందోర్ అబ్బాయే చేశాడు. అతనికి ఇప్పటికీ తెలుగు రాదు. నన్ను ఆంటీజీ అంటాడు. ప్రూఫు మొదట నేను చదువుతాను, వేలు పెట్టుకుని, మెల్లగా. తర్వాత పిన్నిగారు చదువుతారు. ఈసారి ఆవిడ ఒక తప్పు పట్టుకున్నారు. ‘ఆహ్వానం’ బదులు ‘ఆవ్హానం’ అని ఉంది.

"అమ్మాయ్, చదవలేదా?" అన్నారు.

"చదివాను పిన్నిగారూ, కనపడలేదు" అన్నాను.

ఆవిడ నవ్వారు. నాకు మాత్రం ఆ జవాబు చెప్పడం చాలా గర్వంగా అనిపించింది.

ఈ వ్యాసంలో తప్పులుంటే కింద రాయండి. దిద్దుకుంటాను.