మూడో కిలోవాట్ ఎందుకు వద్దనుకున్నాం

తెనాలిలో మా డాబా మీద ఎండకు ఏనాడూ కొదవలేదు. ఇన్నేళ్లూ దాంతో వడియాలు పెట్టుకున్నాం, మిరపకాయలు ఎండబెట్టుకున్నాం. నిరుడు వేసవిలో పిల్లల గదికి కూడా ఏసీ పెట్టించాక బిల్లు చూసి, ఆ ఎండతో కరెంటు ఎందుకు తయారుచేసుకోకూడదు అనిపించింది.

సోలార్ కంపెనీ తరఫున వచ్చినతను డాబా చూడగానే, "అయిదు కిలోవాట్లు వేయించుకోండి మేడంగారూ, 78,000 సబ్సిడీ వస్తుంది" అన్నాడు. అది నిజమే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000 ఇస్తారు. అతను చెప్పనిది ఏమిటంటే, లెక్క అక్కడితో ఆగిపోతుంది. అయిదు వేసినా పది వేసినా 78,000 దాటదు.

ఆ రాత్రి మావారూ నేనూ పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చున్నాం. సగటున నెలకు 320 యూనిట్లు వాడుతున్నాం. మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా రూ.8.75. ఈ లెక్కన 320 యూనిట్లకు రూ.1,848. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లంటే నెలకు 240. నెట్ మీటరింగ్‌లో అవి పోగా మిగిలిన 80 యూనిట్లకే మేం కట్టాలి. అది రూ.214. అంటే నెలకు రూ.1,634 మిగులు. పోయేవన్నీ ఖరీదైన స్లాబుల్లోని యూనిట్లే కదా! మరి మూడో కిలోవాట్ తీసేది ఆ మిగిలిన 214 మాత్రమే. మాకు చెప్పిన ధర రెండు కిలోవాట్లకు లక్షా 40 వేలు, మూడింటికి రెండు లక్షలు. సబ్సిడీ పోను మొదటిది 80,000, రెండోది 1,22,000. నెలకు 214 కోసం 42,000 పెడితే అది తిరిగి రావడానికి పదహారేళ్లు పడుతుంది. రెండు కిలోవాట్లయితే నాలుగేళ్లు. ఇక ఆలోచించడానికేముంది, రెండు చాలనుకున్నాం.

సబ్సిడీ ముందే రాదు. పని పూర్తయి, నెట్ మీటరు బిగించాకే మన ఖాతాలో పడుతుంది. కాబట్టి లక్షా 40 వేలూ మన చేతిలో ఉండాలి. మూడు కిలోవాట్ల దాకా రెపో రేటుకు అర శాతం కలిపిన వడ్డీకి, తాకట్టు లేకుండా బ్యాంకులు అప్పిస్తాయి. మా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి గడువు తీరుతుంటే అదే వాడాం. 80,000కు ఏడు శాతం వడ్డీ అంటే ఏడాదికి 5,600, దానిమీద పన్ను. బిల్లులో మిగిలే 19,600 మీద పన్ను లేదు. అయితే డిపాజిట్‌లో అసలు తిరిగొస్తుంది, ప్యానెల్‌లో రాదు. ఇన్వర్టరు మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుంది. అందుకని మిగిలినదాంట్లోంచి నెలకు 300 విడిగా వేస్తున్నాం.

డాబా మీద మావారు మూడు రోజులు సుద్దముక్క పట్టుకుని తిరిగారు. ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో గీతలు గీశారు. నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా దాంతో కలిపిన మిగతావాటి కరెంటూ తగ్గిపోతుంది. కంపెనీవాళ్లు చూపించిన చోటు సరిగ్గా ఆ గీతల్లోనే ఉంది. తూర్పు పిట్టగోడ పక్కకు జరిపించాం.

ఆలస్యం జరిగింది మీటరు దగ్గరే. అది కాలం చేసిన మా మామగారి పేరు మీదే ఉండిపోయింది. పేరు మార్పించుకుని దరఖాస్తు పెట్టేసరికి రెండు నెలలు గడిచాయి. ఈలోగా 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పైన చెప్పిన లక్షా 40 వేలు అప్పుడు కొత్తగా రాయించుకున్న ధర.

ప్రింటింగ్ ప్రెస్ నడిపే మా తమ్ముడు మా లెక్క చూసి తనూ పెట్టిస్తానన్నాడు. వాడికి ఈ సబ్సిడీ రాదు, అది ఇళ్లకే. కానీ వ్యాపారానికి పెట్టిన సోలార్‌పై ఏటా 40 శాతం తరుగుదల చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. 2017కి ముందు ఇది 80 శాతం. పెట్టించిన ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడాది సగమే ఇస్తారు. అందుకే సెప్టెంబరులోపు పూర్తిచేయమన్నాను. ఇంటిమీద పెట్టుకున్న మాకు ఆదాయపు పన్నులో ఏ మినహాయింపూ లేదు.

మీరూ పెట్టించుకోవాలనుకుంటే కంపెనీకి ఫోన్ చేసే ముందు పాత బిల్లులు పన్నెండూ బయటికి తీయండి. ఏ స్లాబు దాకా పోతున్నారో చూసుకోండి. అలాగే బిల్లు మీద ఎవరి పేరుందో కూడా చూడండి.