మామ జేబులో చార్మినార్

హైదరాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైలు శంకర్‌పల్లి దాటితే చాలు, నాకు చార్మినార్ సిగరెట్ వాసన గుర్తొస్తుంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు నన్ను తాండూరు తీసుకెళ్లేది మా మేనమామే. అక్కడ నాపరాళ్లు కోసే మిషన్ మీద పనిచేసేవాడు.

ఏం కాల్చినా ఒక్క కంపెనీవే కాల్చేవాడు. 1930లో హైదరాబాద్‌లో మొదలైన వజీర్ సుల్తాన్ టుబాకో, అదే ఆజామాబాద్‌లోని వీఎస్టీ. 'మన ఊరి పొగ' అని గర్వం. అందులో పెద్దపీట ఫిల్టర్ లేని చార్మినార్‌ది. పక్కన కూర్చున్నవాళ్ల కళ్లు మండాల్సిందే! సత్యజిత్ రాయ్ కథల్లోని డిటెక్టివ్ ఫెలూదా కాల్చేదీ అదేనని ఎవరో చెబితే, ఆ రోజంతా మామ నేలమీద నడవలేదు. అత్తయ్య పోరు ఎక్కువైనప్పుడు ఫిల్టర్ చార్మినార్. 1980ల్లో జీన్స్ గుడ్డ బొమ్మ ఉన్న పెట్టెలో వచ్చిన చార్మ్స్ మాత్రం పెళ్లిళ్లకే. "గది సోకు సిగరెట్రా" అని తీసిపారేస్తూనే, పెట్టె పైకి కనబడేలా జేబులో పెట్టుకునేవాడు.

కాల్చే చోట్లకూ ఓ లెక్కుండేది. పర్లి లైను విడిపోయే వికారాబాద్ జంక్షన్‌లో బండి ఆగగానే చాయ్‌తో ఒకటి. అనంతగిరి వెళితే పద్మనాభస్వామి దర్శనం అయ్యాక, కొండ కింద చెట్ల నీడలో ఇంకొకటి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. "ఈ గాలిల పొగ గూడ తియ్యగుంటదిరా" అనేవాడు.

ఆ గాలి కోసమే నిజాం కాలంలో అనంతగిరిలో క్షయ రోగుల శానిటోరియం కట్టారు. 1996లో మామ అక్కడే మంచం పట్టాడు. రాతి దుమ్ము, సిగరెట్ పొగ కలిసి క్షయకు దారి చేశాయన్నారు డాక్టర్. నేను వెళ్లగానే అడిగిన మొదటి మాట, "తెచ్చినవా?"

తెచ్చాను. ఇక్కడ దాచేదేముంది, వికారాబాద్ స్టేషన్ బయట నేనే కొన్నాను. ఆ దగ్గు విన్నాక ఇవ్వబుద్ధి కాలేదు. "లేదు మామా" అన్నాను. మామ నా చొక్కా జేబు కేసి చూసి నవ్వి, అటు తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండానే పోయాడు.

ఇప్పుడు రైల్లో పొగ లేదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో సిగరెట్ కాల్చడం నిషేధం. తాండూరులో దిగితే మాత్రం రోడ్డు పక్కన అవే నాపరాళ్ల దొంతరలు, గాలిలో అదే తెల్లటి దుమ్ము. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు అత్తయ్య పొయ్యి మీద ఉడుకుతోంది. ఆ పప్పు రుచి గురించి ఇంకోసారి రాస్తాను.

కిటికీ కింద నాపరాయి మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది. మామ సిగరెట్ నలిపే చోటు.

"ఎంత రుద్దినా పోతలేదు" అంది అత్తయ్య.

"రుద్దినవా అసలు?"

"పప్పు సల్లారుతుంది, రా" అని లోపలికి వెళ్లింది.