పసుపు చేతి సంతకం

మొన్న పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా చిన్నది స్కూలు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చింది. నిజామాబాద్‌లో పది రోజుల ఫుట్‌బాల్ శిబిరమట. అమ్మో నాన్నో సంతకం పెట్టాలట.

మా బాల్కొండలో పసుపు వేసిన ఇళ్లు ఆ రోజుల్లో ఎలా ఉంటాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. తవ్విన కొమ్ములు ఉడకబెట్టాలి, కల్లంలో ఎండబోయాలి, మబ్బు పడితే పరుగెత్తి కప్పాలి. ఇంట్లో ఒక్క మనిషి తగ్గినా కష్టమే.

"ఇప్పుడా? ఇక్కడ పని ఎవలు చేస్తరు?" అనేశాను.

అన్నాక నాకే గుండె ఝల్లుమంది. అచ్చం మా నాయిన మాట! నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కబడ్డీలో జిల్లా పోటీలకు ఎంపికయ్యాను. అప్పుడూ పసుపు పనులే. జట్టు నన్ను వదిలేసి వెళ్లింది. నాయిన మీద కోపం లేదు, ఆయన కష్టం ఆయనది. కానీ ఆ రోజు బస్సు కదిలిన చప్పుడు ఇప్పటికీ మరచిపోలేదు.

మా పిల్ల వాదించలేదు. పుస్తకంలో దాచుకున్న పేపర్ ముక్క తీసి నా ముందు పెట్టింది. గుగులోత్ సౌమ్య ఫొటో.

"మన జిల్లానే అమ్మా... తండాల పుట్టింది" అంది.

పొయ్యి దగ్గరే కూర్చుని చదివాను. మన నిజామాబాద్ జిల్లా తండా పిల్ల కేరళ వెళ్లి గోకులం జట్టుకు ఆడింది. 2022లో అక్కడి నుంచి యూరప్‌లోని క్రొయేషియాకు వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తిరిగొచ్చి కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25 భారత మహిళల లీగ్ ఆ జట్టుదే. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆ ఏడాది జూలైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంతగడ్డ మీదే 2-1తో ఓడించి, అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కు చేరారు. అలా అర్హత సాధించడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి.

అందరూ ఆమె గోల్స్ లెక్కపెడతారు. నాకు మాత్రం ఆమె మొదటిసారి ఇల్లు దాటిన రోజు మీదికి మనసు పోయింది. ఆ రోజు ఆ ఇంట్లోనూ ఏదో ఒక పని ఉండే ఉంటుంది. అయినా పంపారు. జాగ్రెబ్ దాకా పోయిన దారిలో మొదటి మెట్టు అదే కదా!

పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. చేతులు కడుక్కోలేదని తర్వాత చూసుకున్నాను. కాగితం మీద నా వేళ్ల గుర్తులు పచ్చగా పడ్డాయి.

"అమ్మా, కాగితం ఖరాబు చేసినవ్!"

"ఏం కాదు బిడ్డా, పసుపు శుభమే" అన్నాను.

మర్నాడు ఆర్మూర్ మీదుగా పోయే బస్సు ఎక్కించాను. ఒక కూలిమనిషిని ఎక్కువ పెట్టుకున్నాం. నా నడుమూ పడిపోయింది, అబద్ధమెందుకు!

పది రోజులకు మోకాళ్లు చెక్కుకుపోయి, ఎండకు నల్లబడి తిరిగొచ్చింది. ఏ జట్టుకూ ఎంపిక కాలేదు. సంచి కింద పెట్టకముందే అడిగింది...

"మళ్లెప్పుడు పంపుతవమ్మా?"