ఆట లేని చలికాలం

మా న్యూజెర్సీ ఇంట్లో ఆ ఏడాది తండ్రీకొడుకులకి మూడు నెలలు మాటల్లేవు. వాడు ఇంజనీరింగ్ మానేస్తానన్నాడు, మా వారు కుదరదన్నారు. మధ్యలో కబుర్లు మోసేది నేనే!

2024 డిసెంబరులో ఓ ఆదివారం రాత్రి, హువాన్ సోటో యాంకీస్‌ని వదిలి మెట్స్‌కి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లట! హాస్టల్ నుంచి వాడే ఫోన్ చేశాడు. "నాన్నా, చూశావా?" మా వారు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి గంట మాట్లాడారు. తర్వాత మాక్స్ ఫ్రీడ్ వచ్చాడని ఓసారి, బెల్లింజర్ వచ్చాడని ఇంకోసారి. చదువు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

నాకు బేస్‌బాల్ ఓ పట్టాన అర్థం కాదు. అయినా ఆ చలికాలమంతా పొద్దున్నే కాఫీ కలుపుతూ వార్తలు వెతికేదాన్ని, యాంకీస్ ఇంకెవర్నైనా తెచ్చుకున్నారేమోనని.