లైను తెగలేదు, అమ్మీ

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగుల మూడవ ప్రమాద హెచ్చరికను దాటి, 16వ తేదీన 71 అడుగులకు పైగా చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరదను పెద్దల నోట వినడమే తప్ప, మా తరం అంతటి నీటిని ఎన్నడూ చూడలేదు. వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. ఇవతలి ఒడ్డున సారపాకలో మేము, అవతలి ఒడ్డున ఆసుపత్రి. మా వీధిలో దుకాణాలు మూతపడ్డాయి. అమ్మీకి రెండు రోజులకు సరిపడా ఇన్సులిన్ మాత్రమే మిగిలింది.

మగ్రిబ్ నమాజు ముగించి, సహాయం కోసం ఒక నంబరుకు ఫోను చేశాం. రికార్డు చేసిన గొంతు స్వాగతం పలికి, ఒకటి నొక్కమన్నది. అమ్మీ నొక్కింది. ఆ తరువాత రింగు లేదు, సంగీతం లేదు, చిన్న చప్పుడైనా లేదు. "లైను తెగిపోయింది బేటా" అని పెట్టేసింది. మూడుసార్లు అలాగే జరిగింది. కరెంటు లేదు; ఫోనులో చార్జింగు తరిగిపోతున్నది. నాలుగవసారి నేను ఫోనును చెవికి ఆనించుకుని కదలకుండా కూర్చున్నాను. పదకొండు నిమిషాలకు ఒక మనిషి గొంతు పలికింది. మరునాడు పునరావాస శిబిరంలో మందు దొరికింది.

లైను ఒక్కసారి కూడా తెగలేదు. తెగలేదని చెప్పే గొంతే లేకపోయింది. పెట్టేసిన ప్రతిసారీ మేమే వరుస చివరికి వెళ్లిపోయాం.

ఈ సంగతి ఇంజనీర్లకు తెలియనిది కాదు. ఎవరూ మాట్లాడని క్షణాలలో డిజిటల్ వ్యవస్థలు శబ్దాన్ని పంపడం మానివేయగలవు. అప్పుడు ఏర్పడే నిశ్శబ్దానికి వినేవారు కంగారుపడతారని, సన్నని హోరును కావాలనే కల్పించి వినిపిస్తారు. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909 నుండే టెలిఫోను రద్దీని లెక్కకట్టాడు. ఎందరు ఫోను చేస్తే ఎందరు సిబ్బంది ఉండాలో, ఎంతసేపు వేచి ఉండవలసి వస్తుందో ఆ గణితం చెబుతుంది. కనుక వరుసను తగ్గించడానికి మార్గం ఉన్నది. తగ్గించలేని చోట, "మీకు ముందు ఆరుగురు ఉన్నారు, లైనులోనే ఉండండి" అని అర నిమిషానికొకసారి మన తెలుగులో చెప్పవచ్చు. మేమే తిరిగి ఫోను చేస్తామని చెప్పి, ఆ మాట నిలుపుకోవచ్చు. చదువురాని తల్లికి, చార్జింగు లేని ఫోనుకు, వరద రాత్రికి ఆ ఒక్క వాక్యమే ఆసరా.

యంత్రాన్ని తప్పుపట్టిన నేను, ఒకనాడు నన్ను నేనే పట్టుకున్నాను. వంటగదిలో నుండి అమ్మీ పిలుస్తోంది. నేను ఫోను చూస్తూ మౌనంగా ఉన్నాను. వెళ్దామనే అనుకున్నాను, కానీ ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది? ఆమె మూడుసార్లు పిలిచి ఊరుకున్నది.

ఇప్పుడు మొదటి పిలుపుకే బదులిస్తున్నాను: "ఉన్నాను అమ్మీ, రెండు నిమిషాల్లో వస్తాను."