ఎట్లు తెలిసినది?

మన యిండ్లలో పిల్లలు "అది మీకెట్లు తెలిసినది?" అని పెద్దల నడిగినచో, దానిని ప్రశ్న యనుకొనువారికంటె ఎదురుమాట యనుకొనువారే యెక్కువ. ఇరువదేండ్లుగా విశాఖపట్టణమున పాఠములు చెప్పుచున్న నాకు మాత్రము విద్యార్థి నేర్వవలసిన విద్యలన్నిటికిని ఆ చిన్న మాటయే తలవాకిలి యని తోచుచున్నది.

తొమ్మిదవ తరగతివారిని మన యూరి సంగతి నొకదానిని విచారించి వ్యాసము వ్రాయుడని ప్రతి సంవత్సరమును కోరుదును. ఇప్పటి వాడుకలో దానిని ప్రాజెక్టు అందురు. చాల యిండ్లలో దానిని తండ్రి ఫోనులో వెదకును, తల్లి అట్టపై అందముగా అతికించును, బిడ్డ బడికి మోసికొని వచ్చును. న్యాయముగా మార్కులు ఇంటిల్లిపాదికిని పంచవలసినదే!

ఒకయేడు మన ఓడరేవు ఎప్పుడు తెరచిరని ప్రశ్న వచ్చినది. ఒక బాలుడు 1933 అక్టోబరు 7 అనెను. వేరొకడు ఆ సంవత్సరమే డిసెంబరు 19 అనెను. ఇద్దరును అచ్చులో చూచినవారే. "ఏది ఒప్పు మాస్టారూ?" అని నన్ను తీర్పరిని జేసిరి. "ఆ దినములలో ఏమి జరిగినదో చూచి రండు" అంటిని. వారము దినములకు వారే తెలిసికొని వచ్చిరి. అక్టోబరులో సింధియా కంపెనీవారి జలదుర్గ యను ప్రయాణికుల ఓడ రేవున ప్రవేశించినది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. రెండును నిజమే. తగవు తేదీలలో లేదు, "తెరచుట" అను మాటలో నున్నది.

అందుచేత నా విద్యార్థులకు మూడు నియమములు పెట్టితిని. ప్రశ్న చిన్నదిగా నుండవలెను: "విశాఖ చరిత్ర" ప్రశ్న కాదు, "రేవునకు మొదట వచ్చిన ఓడ యేది?" అనునది ప్రశ్న. వ్రాసికొన్న ప్రతి సంగతి ప్రక్కను ఎవరు చెప్పిరో, ఏ పుస్తకమున ఏ పుటలో నున్నదో గుర్తింపవలెను. పదిమంది ఒకే మాట చెప్పినప్పుడు, ఒకరిని జూచి యొకరు వ్రాసిరేమో విచారింపవలెను. అట్లయినచో సాక్షులు పదిమంది కారు, ఒక్కడే.

ఇది పరదేశపు విద్య యని కొందరందురు. ఆప్తవాక్యము ప్రమాణమన్న మన తార్కికులే ఆప్తుడెవడో కూడ చెప్పిరి: విషయమును తానెరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని న్యాయభాష్యమున వాత్స్యాయనుని మతము. పర్లాకిమిడి పాఠశాలలో చరిత్ర చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషకు సవరలనే గురువులుగా గైకొనిరి. ఆ శ్రమ ఫలించి వారి సవర నిఘంటువు 1938లో వెలువడినది.

నిరుడు ఒక బాలిక ఉక్కు కర్మాగారమునుగూర్చి వ్రాసినది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో చేసిన ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేయుట, అన్నియు వరుసగా నున్నవి. ఆమె తాతగారి పొలము ఆ కర్మాగారము క్రిందనే పోయినది. "తాతగారి నడిగితివా?" అంటిని. "ఆయనకు చదువు రాదండీ" అనినది. వాత్స్యాయనుని మాట చెప్పి పంపితిని. "మన యింటి గోడు బడిలో ఎందుకు?" అని తండ్రి కొంత గునిసెనట. తాత మాత్రము ఒక సాయంకాలమంతయు చెప్పెనట.

రెండవమారు తెచ్చిన వ్యాసమున ఈ వాక్యములు చేరినవి: "మావారు ఊరు విడిచినది వరినాట్లకు ముందు. తేదీ తాతకు జ్ఞాపకము లేదు. నిర్వాసితుల కిచ్చిన ఆర్ కార్డు మా యింట చూచితిని." తేదీ కల్పించి యుండిన ఎవ్వరికిని తెలిసెడిది కాదు. ఆమె కల్పింపలేదు. ఆ వ్యాసమున నాకన్నిటికంటె విలువగా తోచినది ఆ ఖాళీయే.

తల్లిదండ్రులారా, బిడ్డల పని మీరు చేసిపెట్టకుడు. వారడిగినప్పుడు కసరకుడు. తెలిసినది చెప్పుడు, ఎట్లు తెలిసినదో చెప్పుడు, తెలియనిచోట తెలియదనుడు. ఇంట ఆ మాట వినని బిడ్డకు దానిని వ్యాసమున వ్రాయు ధైర్యము బడిలో మేమెక్కడనుండి తేగలము?