పంతులమ్మకూ లైసెన్సే!

కారు నడపాలంటే లైసెన్సు కావాలి. తుపాకీ ఉంచుకోవాలన్నా కావాలి. మా నాయనమ్మ కాలంలో బడిపంతులుకు మాత్రం బెత్తం ఒక్కటుంటే సరిపోయేదట! ఇప్పుడలా కుదరదు కదండీ. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాక, ఎనిమిదో తరగతి దాకా పాఠం చెప్పాలంటే శిక్షణ పట్టా ఉండాలి, ఆపైన టెట్ గట్టెక్కాలి. 150 ప్రశ్నలు, 150 మార్కులు. అంతటితో అయిందా? ఎప్పట్నుంచో కొలువులో ఉన్నవాళ్ళయినా సరే, రిటైరవడానికి ఐదేళ్ళకు మించి ఉంటే రెండేళ్ళలో టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పాపం, మా ఆడపడుచు కొడుకు పక్కన కూచుని మళ్ళీ పుస్తకాలు తిరగేస్తోంది. వాడికేమో ఒకటే నవ్వు.

పరీక్ష వద్దని నేననను. పిల్లల్ని ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెడతామా? కాకపోతే ఆ లైసెన్సులో లేని గడి ఒకటుందని, మావారి ఉద్యోగం పుణ్యమా అని అరకులో కాపురం పెట్టాక తెలిసింది.

అరకు అనగానే మనకు బొర్రా గుహలూ, కాఫీ తోటలూ గుర్తొస్తాయి. శుక్రవారం సంతలో ఓ గంట నిలబడి చూడండి. ఒకరు కువిలో బేరమాడుతుంటారు, ఇంకొకరు కొండ భాషలో, మరొకరు ఆదివాసీ ఒడియాలో. ఆ ఇళ్ళ పిల్లలు ఒకటో తరగతికి వస్తారు. మైదానం నుంచి వచ్చిన పంతులమ్మ ఎంత మంచిదైనా కానివ్వండి, దాహం వేస్తోందని పిల్లాడు తన భాషలో అంటే, ఇంటికి పోతానంటున్నాడు కాబోలనుకుంటుంది. వాడు బిక్కమొహం వేస్తాడు. నాలుగు రోజులు పోయాక బడికే రాడు. కొండ భాషకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లోనే వ్యాకరణం రాశారు. టెట్‌లో దాని ఊసే లేదు!

ఇదంతా ఎవరికీ తట్టకపోలేదు. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3వ నంబరు జీవో ఇచ్చింది. ఏజెన్సీ బళ్ళలో టీచరు ఉద్యోగాలన్నీ అక్కడి గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్ళకు. కొండ మీది ఆడపిల్ల చదువుకుంటే తన కొండ మీదే పంతులమ్మ కావచ్చన్నమాట. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరూ ఒకరికే అంటే తక్కినవాళ్ళకు అన్యాయమంది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు మాత్రం షరతు మీద నిలిచాయి. కోర్టు మాట కొట్టిపారేసేది కాదు. ఏజెన్సీలోనే పుట్టిపెరిగిన గిరిజనేతరుల పిల్లలకూ బతుకుతెరువు కావాలిగా? కానీ అక్కడ తూచింది పెద్దవాళ్ళ ఉద్యోగాలను. ఒకటో తరగతి పిల్లాణ్ణి తక్కెడలో ఎవరు కూచోబెట్టారు? వీలైనంతవరకు అమ్మభాషలోనే చదువు చెప్పాలని ఆ 2009 చట్టంలోనే ఉందాయె!

మా పక్కింట్లో ఓ కొండ దొరల అమ్మాయి ఉంది. డీఎడ్ అయింది, టెట్ పాసయింది. డీఎస్సీలో రెండు మార్కుల్లో పోయింది. సాయంత్రమైతే వాళ్ళ అరుగు మీద పదిమంది పిల్లలు చేరతారు. ముందు తమ భాషలో కథ చెబుతుంది, ఆ తర్వాత అందులో మాటలే ఒక్కొక్కటీ తెలుగులో పలికిస్తుంది. నేను కాఫీ గ్లాసుతో గడపలో కూచుని వింటాను. మొన్న అడిగాను, "మళ్ళీ రాస్తావుటే?" అని.

"రాస్తానక్కా. విశాఖలో కోచింగుకి ఎంతవుతుందో అన్నగారిని కనుక్కోమను" అంది.